మాపటికి పెండ్లి

"ఈ ప్లాటు తూర్పు ముఖం, ముందు నలభై అడుగుల రోడ్డు," అన్నాడు వెంకటసాయి, చుట్టుపక్కల ఎవరైనా ఉంటే వినపడాలని కాస్త గట్టిగానే. ఆ తర్వాత గొంతు తగ్గించి, "జానకిరామయ్య గారిని చంపబోతున్నారు," అన్నాడు.

షామీర్‌పేట దాటాక కీసర వెళ్ళే దారిలో కొత్తగా వేసిన వెంచర్ అది. నిన్నమొన్నటి ద్రాక్షతోటలో హద్దురాళ్ళు పాతి, రంగురంగుల జెండాలు కట్టారు. నెత్తిన టోపీ, చంకలో లేఅవుట్ మ్యాపుతో ఉన్న వెంకటసాయిని చూస్తే, కోస్తా నుంచి వచ్చి కాలనీలో స్థిరపడ్డ బ్యాంకు ఉద్యోగి ప్లాటు బేరానికి వచ్చాడనుకుంటారు. ఇంటెలిజెన్స్‌లో ఒక రహస్య విభాగానికి ఆయన చీఫ్ అన్న సంగతి ఆయన భార్యకి కూడా తెలీదు. ఇక పక్కనున్న రియల్ ఎస్టేట్ ఏజెంట్ ప్రతాప్ నిజంగా ఏజెంటే. రియల్ ఎస్టేట్ ఒక్కటే అబద్ధం.

"ఎవరు సార్?"

"హార్బర్."

ఆ పేరు ప్రతాప్‌కి తెలుసు. దేశదేశాల క్షిపణి రహస్యాలు కొని అమ్ముకునే విదేశీ ముఠా. జానకిరామయ్య మేడ్చల్ అవతల ఒక డిఫెన్స్ ల్యాబ్‌లో సైంటిస్టు. హార్బర్ మనుషులు ఆయన్ని కొనబోయారు. ఆయన అమ్ముడుపోకపోగా వాళ్ళ ముఖాలు గుర్తుపెట్టుకున్నాడు. ఆ ముఠా పెద్దల్ని కళ్ళారా చూసి ఇంకా బతికి ఉన్న మనిషి ఆయనొక్కడే.

"ఎస్కార్ట్ పెట్టండి."

"ఒప్పుకోడు. గన్‌మెన్ వెంట ఉంటే అన్నం సహించదట. ఏ రోజన్నది తెలిస్తే, ఆ ఒక్క రోజుకీ ఎలాగో ఒప్పిస్తాను. ఆ రోజు నిర్ణయించేది ఖాట్మండులో. అక్కడ హార్బర్‌కి పర్వతాలు అనే తెలుగువాడు దొరికాడు. మీ మేడ్చల్ వైపు మనిషే. ఇక్కడివాళ్ళకి ఫోన్లో ఆర్డర్లిచ్చేది వాడు. నువ్వెళ్ళి వాడి ఫోను వినాలి. కోడ్ గుర్తుపెట్టుకో. పెండ్లి అంటే హత్య. పెండ్లికొడుకు జానకిరామయ్య."

"ఇంటికి ఏం చెప్పాలి సార్?"

"మస్కట్‌లో ఉద్యోగమని చెప్పు. ఆ తర్వాత ఫోన్లూ లేవు, ఉత్తరాలూ లేవు."

ఇల్లు అంటే ప్రతాప్‌కి అక్క సత్యమ్మే. అత్వెల్లి మాజీ సర్పంచ్. పదవి పోయినా పలుకుబడి పోలేదు, నోరు అసలే పోలేదు. ఆవిడ కూతురు తృప్తి పెళ్ళి దగ్గరకొచ్చింది. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావలసింది మేనమామ. ఉన్న మేనమామ ప్రతాప్ ఒక్కడే.

"మా మేనకోడలి పెండ్లి చూసుకొని పోత సార్."

"రేపు పొద్దున్న ఫ్లైట్," అన్నాడు వెంకటసాయి. తర్వాత మళ్ళీ గట్టిగా, "ఈశాన్యం తగ్గిందయ్యా, ఇంకో ప్లాటు చూపించు," అంటూ నడిచాడు.

* * *

ఖాట్మండులో ప్రతాప్ పేరు రాకేష్. కోళ్ళదాణా కంపెనీ ప్రతినిధి. మేడ్చల్ వైపు పుట్టినవాడికి కోళ్ళఫారాల సంగతి ఒకరు నేర్పాల్సిన పనిలేదు కాబట్టి ఆ వేషం అతనికి బాగానే అతికింది. గదిలో ఒక చిన్న ఇంక్యుబేటర్ ఉండేది. గుడ్ల ట్రే కింద రిసీవర్. ఎదురు హోటల్లో పర్వతాలు ఫోనెత్తితే ఆ మాటలు ఇక్కడ హెడ్‌ఫోన్స్‌లోకి వస్తాయి, అదే సమయంలో హైదరాబాదుకీ పోతాయి. అక్కణ్ణుంచి జవాబు టెంపరేచర్ చూపించే చిన్న తెర మీద అక్షరాలుగా వస్తుంది. నోరు తెరిచి మాట్లాడాలంటే మాత్రం దాణా బస్తాలో దాచిన శాటిలైట్ ఫోను తియ్యాలి. దానికి ఆకాశం కనపడాలి. గుడ్లు నిజమైనవే. డిపార్ట్‌మెంట్‌కి అలాంటి వాటిలో పట్టింపు ఎక్కువ.

రెండు వేల ఆరు ఏప్రిల్ వచ్చేసరికి ఆ ఊరు ఉడికిపోతోంది. రాజుకి వ్యతిరేకంగా జనం రోడ్డెక్కారు. రింగ్‌రోడ్డు మీద టైర్లు తగలబడుతున్నాయి. పట్టపగలే కర్ఫ్యూ, కనిపిస్తే కాల్చివేత. సెల్‌ఫోన్లు కట్ చేశారు. పొద్దున కాసేపు సడలిస్తే కూరగాయల కోసం జనం ఒకర్నొకరు తోసుకునేవారు. ఆ కాస్సేపూ అయ్యాక వీధిలో కుక్కలు, సైనికులు తప్ప ఇంకేమీ కనిపించేవి కావు.

మన ఊళ్ళో కర్ఫ్యూ పెడితే పక్కింటివాళ్ళతో పేకాడుకుంటాం, తిట్టవలసినవాళ్ళని మనసారా తిట్టుకుంటాం. పరాయి ఊళ్ళో కర్ఫ్యూ అలా కాదు. అక్కడి కోపం మనది కాదు, అక్కడి ఆశా మనది కాదు, తూటా మాత్రం మనకీ తగులుతుంది. ఇంటావిడ కిటికీలోంచి పలకరించి నేపాలీలో ఏదో గబగబా చెప్పేది. అర్థమైనా కాకపోయినా ప్రతాప్ తలూపేవాడు. మేనకోడలి పెళ్ళి రోజున గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఒంటరితనం అంటే ఒక్కడే ఉండటం కాదని, తన భాషలో తనని తిట్టేవాళ్ళు కూడా లేకపోవడమని ఆ రోజు అతనికి తెలిసొచ్చింది.

అతని చెవిన పడే తెలుగు ఒకే ఒక్కటి, పర్వతాలుది. ఆర్డర్లిచ్చే ఫోన్లు తక్కువ, భార్య నర్సమ్మకి చేసే ఫోన్లే ఎక్కువ. ఆవిడ మోకాలి నొప్పి, పక్కింటి వాళ్ళ కొట్లాట, బర్రె ఈనడం. ఒకనాడు, "నర్సమ్మా, పచ్చిపులుసుల నువ్వులు ఏంచి ఎయ్యాల్నా, పచ్చియే ఎయ్యాల్నా?" అని అడిగాడు. "ఏంచకుంటె ఏం రుచి ఉంటది, నీ మొకం," అందావిడ. ఆ పూట వీధికి అటువైపు హంతకుడూ, ఇటువైపు గూఢచారీ ఇద్దరూ నువ్వులు వేయించుకుని పచ్చిపులుసే చేసుకున్నారు. శత్రువు గొంతు కోసం ఎదురుచూడటం ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పలేదు. ప్రతాప్‌కి సిగ్గేసేది. అయినా ఎదురుచూసేవాడు.

ఇంకో మనిషి ఇషిత. క్యాసినోలో పేకముక్కలు పంచే అమ్మాయి. అందగత్తె. పర్వతాలు గది ఫోన్లో మైక్ పెట్టింది ఆమే. డిపార్ట్‌మెంట్ జీతం తీసుకుంటుంది. హార్బర్ దగ్గర కూడా తీసుకుంటోందేమోనని ప్రతాప్‌కి మొదట్నుంచీ అనుమానం. ఆమెకి తెలుగు ఒక్క ముక్క రాదు, ఇద్దరూ హిందీలోనే మాట్లాడుకునేవారు. కర్ఫ్యూలో తన తలుపు తట్టే చెయ్యి అదొక్కటే కావడంతో, అనుమానమున్నా అతను తలుపు తీస్తూనే వచ్చాడు.

* * *

ఆ మధ్యాహ్నం రింగ్‌రోడ్డు వైపు నుంచి నినాదాలు మామూలు కంటే పెద్దగా వినిపిస్తున్నాయి. హెడ్‌ఫోన్స్‌లో క్లిక్ మంది.

"గండయ్యా, టిప్పర్ తయారేనా?" పర్వతాలు గొంతు.

"తయారున్నదే. కంకర నింపి పెట్టిన."

"పెండ్లి మాపటికి. అత్వెల్లి కాడ. పెండ్లికొడుకు తెల్ల అంబాసిడర్ల వస్తడు. ఎదురుంగ పోయి కొట్టుడే. యాక్సిడెంట్ లెక్క కావాలె. ఇంట్ల తెల్వనియ్యకు. నర్సమ్మ సంగతి నేను చూస్కుంట."

ఫోను పెట్టేశాడు. ఇంతలో ఇంక్యుబేటర్ తెర మీద వెంకటసాయి మెసేజ్ వచ్చింది: "విన్నాను. పెళ్ళి రేపు కాదు, ఎల్లుండి. ఎల్లుండికి ఎస్కార్ట్ సిద్ధం. నువ్వు రెస్ట్ తీసుకో."

ఎల్లుండా! ప్రతాప్ బిత్తరపోయి మళ్ళీ చదివాడు. అప్పుడే తలుపు చప్పుడైంది.

"గుడ్లు తాజాగా ఉన్నాయా?" బయటి నుంచి కోడ్.

"పెట్ట ఇంకా లేవలేదు," అని తలుపు తీశాడు.

ఇషిత నర్సు వేషంలో ఉంది. తెల్ల యూనిఫాం, తల మీద టోపీ, చేతిలో మందుల పెట్టె. కింద కర్ఫ్యూ పాసు అంటించిన అంబులెన్స్ ఆగి ఉంది. అతను పలకరింపులు కూడా మానేసి దాణా బస్తా వైపు నడిచాడు.

"ఫోను ముట్టుకోకు, రాకేష్." మందుల పెట్టెలోంచి పిస్టల్ బయటికొచ్చింది. "సాయంత్రం దాకా నువ్వు ఎవరితోనూ మాట్లాడకూడదు. నాకిచ్చిన పని అంతే. మైక్ సంగతి వాళ్ళకి చెప్పలేదు. నిన్ను చంపాలని నాకు లేదు."

"సాయంత్రం దాకానా? అంటే ఇవాళే."

ఆమె పెదవి కొరుక్కుంది. నోరు జారింది. కానీ పిస్టల్ జారలేదు.

ప్రతాప్ నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. బలంతో అయ్యే పని కాదు. చేతిలో ఉన్నది తెలుగు ఒక్కటే.

"ఇషితా, పర్వతాలు ఇప్పుడే ఫోన్లో నీ గురించి కూడా చెప్పాడు."

"అబద్ధం."

"విను." రిసీవర్‌లో రికార్డయిన టేపు వెనక్కి తిప్పాడు. ఆఖరి వాక్యం గదిలో మోగింది. నర్సమ్మ సంగతి నేను చూస్కుంట.

"మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టాడు. నర్స్ అన్న మాట గంట కొట్టినట్టు వినపడింది. ఆమె తన తెల్ల యూనిఫాం వైపు చూసుకుంది.

"నర్సు సంగతి నేను చూసుకుంటా అంటున్నాడు," అన్నాడు ప్రతాప్. "కింద ఉన్న అంబులెన్స్ ఎవరిది? వాళ్ళదేగా? డ్రైవర్ని నువ్వు ఎంతకాలంగా ఎరుగుదువు?"

నర్సమ్మ అనేది మేడ్చల్ దగ్గర మోకాలి నొప్పితో బాధపడుతున్న ఒక ఇల్లాలి పేరని, భర్త చేసే పాపాలు ఆవిడకి తెలియకుండా చూసుకుంటానన్నదే ఆ మాటకి అర్థమని ఇషితకి ఎలా తెలుస్తుంది? ఇద్దరి దగ్గరా జీతం తీసుకునే మనిషికి ఆ ఇద్దరిలో ఎవరి మీదా నమ్మకముండదు. ఆమె టోపీ తీసి మంచం మీద పడేసింది.

"నువ్వు చెప్పింది అబద్ధమైతే మళ్ళీ వస్తాను," అంది.

"రా. పచ్చిపులుసు పెడతాను."

ఆమె నవ్వలేదు. అంబులెన్స్ వైపు కాకుండా పెరటి మెట్ల మీదుగా దిగి వెళ్ళిపోయింది.

* * *

డాబా మీద ఎండ మండుతోంది. నీళ్ళ ట్యాంకు వెనక నక్కి ప్రతాప్ ఫోను యాంటెన్నా పైకి లాగాడు. కింద వీధి మలుపులో ఇసుక బస్తాలు, వాటి వెనక సైనికులు. తల ఎత్తితే ప్రాణం మీదికొస్తుంది.

"సార్, పెండ్లి ఇయ్యాల్నే!"

"ఏమంటున్నావయ్యా? మాపటికి అన్నాడుగా. రేపు, మాపు. రేపు తర్వాతదేగా మాపు? ఎల్లుండి."

"మాపు అంటే సాయంత్రం సార్!"

"నేను తెలుగు మీడియంలో చదివినవాణ్ణి ప్రతాప్. రేపూ మాపూ అని తిప్పుతున్నాడు అంటే ఏమిటర్థం?"

"మీ దిక్కు ఎట్లుంటదో నాకు తెల్వది సార్. మా ఇంట్ల 'మాపటికేం కూర' అంటే ఎల్లుండి కూర గురించి కాదు అడిగేది!"

జానకిరామయ్య లాంటి మనిషి ప్రాణం ఒక మాట మీద వేలాడుతోందన్న సంగతి ఆయన బుర్రకెక్కడానికి కాస్త టైం పట్టింది.

"ల్యాబ్ నుంచి బయల్దేరిపోయి ఉంటాడు," అన్నాడు వెంకటసాయి. "సెల్ లోపలికి రానివ్వరని ఇంట్లోనే పెట్టి వెళ్తాడు. పేట్ బషీరాబాద్‌లో ఇల్లు, అత్వెల్లి మీదుగానే రావాలి. ఎస్కార్ట్ సికింద్రాబాద్‌లో ఉంది, ఈ ట్రాఫిక్‌లో అందుకోలేదు. లోకల్ పోలీసులకి చెబుదామంటే, మన డిపార్ట్‌మెంట్ ఒకటుందని వాళ్ళని నమ్మించేసరికే అంతా అయిపోతుంది."

"రోడ్డే బందైతే సార్?"

"ఎవరు చేస్తారయ్యా హైవే బందు?"

ప్రతాప్ ఫోను కట్ చేశాడు. చేసేవాళ్ళు ఎవరో అతనికి తెలుసు. ఆ నంబరూ కంఠతా వచ్చు. ఆ నంబరు నొక్కితే ఉద్యోగం ఊడుతుందనీ తెలుసు. అతని భయం మాత్రం ఉద్యోగం గురించి కాదు, అవతల ఎత్తే మనిషి గురించి.

"ఎవలు?"

"అక్కా, నేను, ప్రతాప్‌ను."

తిట్లు మొదలయ్యాయి.

"ఎక్కడ సచ్చినవ్ రా ఇన్ని దినాలు? మేనమామ లేని పెండ్లి జేసిన్రు అని ఊరంత నవ్వింది. నువ్వు రాకపోతివి, బుట్ట నేనే పట్టిన. నడుం ఇంక నొస్తాంది నాకు. ఇప్పుడెందుకు జేసినవ్? పైసల్ కావాల్నా?"

"అక్కా, తిట్టు, ఎంతన్న తిట్టు. గని జల్దీ ఒక పని జెయ్యి. అత్వెల్లి కాడ రోడ్డు బందు పెట్టియ్యి. ఇప్పుడే."

"ఏందీ?"

"తెల్ల అంబాసిడర్ల ఒక పెద్దమనిషి వస్తాండు. ఎదురుంగ కంకర టిప్పర్ వచ్చి గుద్దుతది. కావాల్నని గుద్దుతది అక్కా. ఆయన పానం పోతది. నేను ఎక్కడున్ననో, ఏం జేస్తాన్ననో అడగకు. నా మాట నమ్ము."

కింద వీధిలో ఒక సైనికుడు పైకి చూశాడు. కేక వేశాడు. ప్రతాప్ ట్యాంకుకి అతుక్కుపోయాడు. ఫోను లోపల, తొలిసారిగా, సత్యమ్మ గొంతు మారింది.

"నువ్వు మంచిగనే ఉన్నవా తమ్మీ?"

"ఉన్న అక్కా."

"సరే. వారం సంది నల్ల రాలే, ఎట్లైన కూసుందామనే అనుకున్నం. ఓ యాదవ్వా! బిందెలు తీస్కో! అందర్ని పిలువు! రోడ్డు మీదికి!"

ఆవిడ ఫోను పెట్టెయ్యలేదు. బొడ్లో దోపుకుంది. అక్కణ్ణుంచి ప్రతాప్‌కి అన్నీ చెవులతోనే. గాజుల చప్పుడు, పరుగులు, ఖాళీ బిందెలు ఒకదానికొకటి తగిలే మోత. ఆడవాళ్ళ గొంతులు పెరిగాయి. "నీళ్ళు ఇయ్యాలె! ఇయ్యాలె!" ఒక చెవిలో అత్వెల్లి నినాదం, ఇంకో చెవిలో ఖాట్మండు నినాదం. ఇందాకటి దాకా ఈ భూమ్మీద తనకెవరూ లేరనుకున్నవాడికి రెండు ఊళ్ళూ కలిసి చెవులు పగలగొడుతున్నాయి.

బస్సు హారన్, లారీల హారన్లు. తర్వాత ఒక మెత్తటి గొంతు. "అమ్మా, కాస్త దారివ్వండమ్మా, బీపీ మాత్ర వేసుకోవాలి, ఇంటికెళ్ళాలి."

"కూసో సారూ. మాత్ర గీడనే ఏస్కో. నీళ్ళొచ్చేదాక ఎవ్వల్ని ఇడువం," అంది సత్యమ్మ. "అంబాసిడర్ల నుంచి దిగు ముందుగాల. గా చెట్టు కిందికి నడువు."

కారు తలుపు చప్పుడైంది. అప్పుడే దూరం నుంచి ఇంకో హారన్ వచ్చింది. ఆగలేదు. పెద్దదవుతూ వస్తోంది.

"అక్కా! అదే! పక్కకు జరుగు! అందర్ని జరగమను!" కర్ఫ్యూ సంగతి మరిచిపోయి అరిచాడు ప్రతాప్. వీధిలోంచి తుపాకీ పేలింది. ట్యాంకు అంచుకి తూటా తగిలి నీళ్ళు చిమ్మాయి, అతని వీపు తడిసిపోయింది. కదలలేదు.

ఫోన్లో కీచుమంటూ బ్రేకులు. బిందెలు నలిగిన చప్పుడు. ఆడవాళ్ళ కేకలు. ఆ తర్వాత ఏమీ వినపడలేదు.

"అక్కా? అక్కా!"

జవాబు లేదు. ఇన్ని నెలల ఒంటరితనం ఒక ఎత్తు, ఆ నిశ్శబ్దం ఒక ఎత్తు. తనే పిలిచి తనే చంపుకున్నానా అనుకున్నాడు. కళ్ళు మసకబారాయి.

"గుద్దుతవార? గుద్దు!" సత్యమ్మ గొంతు ఆకాశమంత ఎత్తున లేచింది. "అంబాసిడర్‌కు అడ్డం కూసున్న, నన్ను దాటి గుద్దు సూస్త! పీకున్రే తాళంచెవి! ఇగ ఎట్ల పోతడో చూద్దాం!"

"వాన్ని ఇడువకు అక్కా! పట్టుకో!"

"నా బొడ్లకెళ్ళి ఎవలో మొత్తుకుంటాండు," అని ఆవిడ చుట్టూ ఉన్నవాళ్ళతో అనడం, వాళ్ళు విరగబడి నవ్వడం వినపడింది. ఫిర్యాదు చేస్తే రాని పోలీసు జీపు, హైవే మీద రాస్తారోకో అనగానే పరుగెత్తుకొచ్చింది. వెంకటసాయి మనుషులు చేరేసరికి టిప్పర్ గండయ్య, నలుగురు ఆడవాళ్ళ మధ్య, పగిలిన బిందెల పక్కన బుద్ధిగా కూర్చుని ఉన్నాడు.

* * *

జానకిరామయ్య ముఖాలు గుర్తుపట్టాడు. హార్బర్ మనుషులు దొరికారు. ఎదురు హోటల్లోంచి పర్వతాలుని తెల్లవారేలోగా పట్టుకుపోయారు. 'వివిధ విభాగాల సమర్థ సమన్వయం' వల్ల ఆపరేషన్ విజయవంతమైందని వెంకటసాయి రిపోర్టు రాశాడు. మాపు అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఇషిత మళ్ళీ రాలేదు.

మర్నాడు పాత అలవాటుగా ప్రతాప్ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. ఖాళీ గదిలో ఫోను మోగుతోంది. నర్సమ్మ అయ్యుంటుంది. మోగి మోగి ఆగిపోయింది. తప్పు చేసినవాడు పోయాడు, న్యాయం జరిగింది, అయినా ప్రతాప్‌కి ఏడుపొచ్చింది.

కొద్దిరోజులకి రాజు దిగొచ్చాడు, కర్ఫ్యూ ఎత్తేశారు. జనం వీధుల్లో రంగులు చల్లుకుని చిందులేస్తున్నారు. ప్రతాప్ సామాను సర్దుకుని, చివరి ఆర్డర్ల కోసం ఫోను పట్టుకుని డాబా ఎక్కాడు. ఆ నంబరు ప్రపంచంలో వెంకటసాయి ఒక్కడికే తెలుసు. ఫోను మోగింది.

"గుడ్లు తాజాగా ఉన్నాయా?" అన్నాడు ప్రతాప్.

"గుడ్లేంది బిడ్డా? నేను యాదవ్వను. మీ అక్క ఫోన్ల నీ నంబరు పడ్డది. నువ్వు పెద్ద ఆఫీసర్ అటగద, మీ అక్క జెప్పింది. మా మనుమనికి ఉద్యోగం చూడరాదు."

పెట్టేశాడో లేదో మళ్ళీ మోగింది. నల్ల వచ్చిందట, కానీ సగం వాడకేనట. ఆ తర్వాత కీసర దగ్గర ప్లాటు తగాదా. ఆ తర్వాత తృప్తి. "మామా, మా ఇంటికి ఎప్పుడొస్తవ్?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. వస్తున్న బిడ్డా అనేసరికి అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఎట్టకేలకు చీఫ్ లైన్ కలిసింది. వెంకటసాయి మండిపడుతున్నాడు.

"పొద్దుట్నుంచీ చేస్తుంటే ఎంగేజ్! అది టాప్ సీక్రెట్ లైనయ్యా! ఆ నంబరు ఎంతమందికి తెలుసో నాకిప్పుడే చెప్పు!"

"కరెక్టుగా చెప్పాల్నంటే సార్," అన్నాడు ప్రతాప్, కళ్ళు తుడుచుకుంటూ, "అత్వెల్లి ఓటర్ల లిస్టు చూడాలె."